స్విచ్ వేసేముందు ఒక అంకె

ట్రిపుల్ ఈ పూర్తిచేసిన అబ్బాయో అమ్మాయో ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట పడుతుంది: "నాలుగేళ్లు కరెంటు చదువే కదా చదివావు, ఈ ఫ్యాను ఎందుకింత నెమ్మదిగా తిరుగుతోందో కాస్త చూడు." స్టూలెక్కి చూస్తే ఏం చేయాలో తోచదు. చివరికి వీధి మలుపులో కొట్టు పెట్టుకున్న మెకానిక్ వస్తాడు. ఫ్యాను పైనున్న మూత కిందికి జార్చి, పాత కెపాసిటర్ కత్తిరించి, రెండున్నర మైక్రోఫారడ్‌ది కొత్తది కలిపి, టేపు చుట్టి, పది నిమిషాల్లో దిగిపోతాడు. ఫ్యాను గిర్రున తిరుగుతుంది. చదువు మీద ఇంట్లోవాళ్ల తీర్పు కూడా అక్కడికక్కడే వెలువడుతుంది. దానికి పట్టభద్రులు మామూలుగా చెప్పుకునే సమాధానం, ఇంజనీరు పని రిపేర్లు చేయడం కాదు, డిజైన్ చేయడం అని. నిలిచే సమాధానం కాదది, ఎందుకంటే వాళ్లు డిజైన్ చేసిందీ ఏమీ లేదు. చిత్రమేమిటంటే ఆ ఫ్యానులో ఉన్నది సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారనీ, కెపాసిటర్ సాయం లేకపోతే తిరిగే అయస్కాంత క్షేత్రం సరిగ్గా ఏర్పడదనీ ఆ విద్యార్థి పరీక్షలో పటం గీసి మరీ రాశాడు, మార్కులూ తెచ్చుకున్నాడు. విషయం తెలుసు. ఆ తెలిసినదాన్ని పట్టుకుని ఒక అడుగు ముందుకేసి, "అయితే ఆ కెపాసిటర్ సగం చచ్చిపోతే ఫ్యాను ఎలా తిరుగుతుంది?" అని నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు, తనూ ప్రశ్నించుకోలేదు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఆ ఒక్క అడుగు గురించే. ఎలక్ట్రికల్ చదువులో చేతికి రావలసిన అసలు విద్య, స్విచ్ వేయకముందే మీటరు ఎంత చూపించాలో ఒక అంకె చెప్పగలగడం. కచ్చితంగా అక్కర్లేదు, సుమారుగా చాలు. ఆ అంకెను కాగితం మీద పెట్టి, ఆ తర్వాత స్విచ్ వేసి, రెండింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో తేల్చుకోవాలి. సూత్రాలు మూడేళ్లకు మరుపున పడతాయి. సిలబస్ రెగ్యులేషన్ మారినప్పుడల్లా మారుతుంది. ఈ విద్యను నేర్పే పేపరు మాత్రం ఏ రెగ్యులేషన్‌లోనూ విడిగా ఉండదు, కాబట్టి విద్యార్థి తనంతట తానే అలవరచుకోవాలి.

అలవరచుకోవడానికి మొదటి అడ్డంకి కాలేజీలో చేరకముందే తయారై ఉంటుంది. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 67.5 సెకన్లు. ప్రతి ప్రశ్నకూ కింద నాలుగు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి, తప్పుకు మార్కు కోత కూడా లేదు. ఇలాంటి పరీక్షకు రెండేళ్లు తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా తయారైన బుర్ర ఒక సంగతిని ఎముకల్లోకి ఎక్కించుకుంటుంది: సమాధానం ఎక్కడో రాసే ఉంది, దాన్ని గుర్తుపడితే చాలు. ఆప్షన్లను వెనక నుంచి ప్రతిక్షేపించి చూడటం, యూనిట్లు చూసి రెండు కొట్టేయడం అప్పట్లో తెలివితేటలే, వాటిని తప్పుపట్టనక్కర్లేదు. చిక్కల్లా మెషీన్స్ ల్యాబులో అడుగుపెట్టాక వస్తుంది. అక్కడి అమ్మీటరు కింద నాలుగు ఆప్షన్లుండవు. సూది ఎక్కడ ఆగితే అదే సమాధానమని విద్యార్థి నమ్మేస్తాడు. ఆ సూది అబద్ధం చెప్పవచ్చుననీ, వైరింగు తప్పయితే అది తప్పు ప్రశ్నకు ఒప్పు జవాబు ఇస్తుందనీ తోచదు.

ఒక్క ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు. ఎలక్ట్రికల్ చదివినవాళ్లలో ఇది చేయనివాళ్లు ఉండరు. టేబుల్ మీద 2 కేవీఏ, 230/115 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. మామూలుగా జరిగే తంతు ఇది: బ్యాచ్‌లో ఐదారుగురు, ఒకరు మాన్యువల్‌లోని సర్క్యూట్ డయాగ్రం చూసి కనెక్షన్లు ఇస్తారు, ఒకరు వేరియాక్ తిప్పుతారు, ఒకరు రీడింగులు రాస్తారు, మిగతావాళ్లు గోడకు ఆనుకుని నిలబడతారు. సార్ సంతకం పెట్టాక అందరూ అవే అంకెలు ఎక్కించుకుంటారు. ఇప్పుడు నేమ్ ప్లేటు ఒక్కటే చూసి, మీటర్లు తెచ్చుకోకముందే ఏం చెప్పవచ్చో చూడండి. రెండు వేలను 230తో భాగిస్తే హైవోల్టేజీ వైపు పూర్తి కరెంటు 8.7 ఆంపియర్లు, 115తో భాగిస్తే లోవోల్టేజీ వైపు 17.4. ఓపెన్ సర్క్యూట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ తన ఇనుప గుండెను అయస్కాంతం చేసుకోవడానికి మాత్రమే కరెంటు తీసుకుంటుంది. అది పూర్తి కరెంటులో ఏ ఐదు శాతమో ఉంటుందని పుస్తకం చెబుతుంది, అంటే లోవోల్టేజీ వైపు 0.87 ఆంపియర్. షార్ట్ సర్క్యూట్‌లో పూర్తి కరెంటు పారించడానికి అలాగే ఏ ఐదు శాతం వోల్టేజీయో సరిపోతుంది, అంటే హైవోల్టేజీ వైపు 11 లేదా 12 వోల్టులు. ఇంకా ఏ స్విచ్చూ వేయలేదు, రెండు అంకెలు చేతిలో ఉన్నాయి.

ఈ రెండు అంకెల వల్ల ఎన్ని ముడులు విడిపోతాయో లెక్కపెట్టండి. డయాగ్రంలో 0-2 ఆంపియర్ల అమ్మీటరు ఎందుకు రాశారో తెలుస్తుంది. 0-20ది పెడితే సూది కదిలిందో లేదో కూడా కనిపించదు. ఓపెన్ సర్క్యూట్ టెస్టు లోవోల్టేజీ వైపు, షార్ట్ సర్క్యూట్ టెస్టు హైవోల్టేజీ వైపు ఎందుకు చేస్తారన్న వైవా ప్రశ్నకు బట్టీ అక్కర్లేకుండా పోతుంది. రెండోదాన్ని లోవోల్టేజీ వైపు చేస్తే ఆరు వోల్టులు కొలుస్తూ పదిహేడు ఆంపియర్లు లాగాలి, చేతిలో ఉన్న మీటర్లకు అది ఇబ్బంది. "స్విచ్ వేసేముందు వేరియాక్ సున్నా దగ్గర ఉండాలి" అని రికార్డులో ప్రికాషన్స్ కింద ప్రతి ఒక్కరూ రాసే వాక్యానికి ప్రాణం వస్తుంది. ఐదు శాతం వోల్టేజీకే పూర్తి కరెంటు పారితే, వేరియాక్ చివరిదాకా తిప్పి ఉన్నప్పుడు స్విచ్ వేస్తే ఇరవై రెట్లు, అంటే 174 ఆంపియర్లు పారాలి. ఢామ్మని ఫ్యూజు పోవడం అప్పుడు ప్రమాదంలా కనిపించదు, లెక్క ప్రకారం జరగవలసినదే జరిగిందని తెలుస్తుంది. అన్నిటికన్నా విలువైనది మరొకటుంది. ఓపెన్ సర్క్యూట్‌లో రాగి నష్టాన్ని వదిలేస్తాం, షార్ట్ సర్క్యూట్‌లో ఇనుప నష్టాన్ని వదిలేస్తాం. ఏ ధైర్యంతో? రాగి నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు ఇరవయ్యో వంతైతే నష్టం నాలుగు వందల వంతు. ఇనుప నష్టం దాదాపుగా వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, అక్కడా అంతే. వదిలేయడం బద్ధకం కాదని, ఎంత వదిలేస్తున్నామో తెలిసి వదిలేయడమే ఇంజనీరింగ్‌లో సగం పని అని ఈ చిన్న లెక్క చెప్పినంత బాగా ఏ ముందుమాటా చెప్పలేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మాన్యువల్‌లో అమ్మీటరు పక్కన "0-2 ఆంపియర్లు" అని రాసినవారు ఆ అంకెను గాల్లోంచి తేలేదు. ఎవరో ఒక అధ్యాపకుడు ఎప్పుడో కూర్చుని, నేమ్ ప్లేటు చూసి, పైన చేసిన లెక్కే చేసి, దానికి కాస్త జాగా వదిలి ఆ రేంజి రాశారు. అంటే ముందుగా చెప్పిన అంకె ప్రతి డయాగ్రంలోనూ ఇప్పటికే ఉంది, వేరొకరి చేతిరాతలో. విద్యార్థి దాన్ని ఇండెంట్ చీటీ మీదికి ఎక్కించి స్టోర్ నుంచి మీటరు తెచ్చుకుంటాడు. ఆలోచన మొత్తం మాన్యువల్ రాసిన మనిషి దగ్గరే ఉండిపోయి, ఫలితం మాత్రం చేతులు మారుతుంది. కనుక నేను అడుగుతున్నది కొత్త పనేమీ కాదు, మీ కోసం ఒకరు చేసిపెట్టిన పనిని మళ్లీ మీరు చేసుకోమంటున్నాను. మాన్యువల్‌లో రేంజిలున్న చోట వేలు అడ్డం పెట్టి, మీ లెక్కతో మీరు రేంజి రాసి, తర్వాత వేలు తీసి చూడండి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఆ ఫ్యాను మెకానిక్ పేరుతోనే వస్తుంది. "ఈ లెక్కలేవీ లేకుండా అతను నిమిషాల్లో చేశాడు కదా?" లెక్క లేకుండా చేశాడనడం పొరపాటు. పంపుసెట్లు బాగుచేసే ఏ మెకానిక్‌నైనా త్రీ ఫేజ్ మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందని అడగండి, "హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్" అని ఠక్కున చెబుతాడు. ఐదు హెచ్‌పీ అయితే ఏడున్నర. క్లాంప్ మీటరు పెట్టేలోపు అతని మనసులో అంకె ఉంది. పది చూపిస్తే బేరింగో, వోల్టేజీయో, పంపులో ఇసుకో అని అనుమానిస్తాడు. అంటే ఈ అధ్యాయం చెబుతున్న అలవాటు అతనికి ఉంది, పట్టభద్రుడికి లేదు. తేడా ఎక్కడంటే, ఆ ఒకటిన్నర ఎక్కడిదో మెకానిక్‌కు తెలియదు, పట్టభద్రుడు రాబట్టగలడు. ఒక హెచ్‌పీ 746 వాట్లు. దాన్ని రూట్ మూడు, 415 వోల్టులు, 0.8 పవర్ ఫ్యాక్టర్, 0.85 ఎఫిషియెన్సీల లబ్ధంతో భాగిస్తే 1.53 వస్తుంది. ఎక్కడిదో తెలిస్తే ఏం లాభం? ఎప్పుడు చెల్లదో తెలుస్తుంది. సింగిల్ ఫేజ్ మోటారుకు ఆ నోటిలెక్క పనికిరాదు, పవర్ ఫ్యాక్టర్ పడిపోయిన పాత మోటారుకు సరిపోదు. ఫ్యాను సంగతీ అంతే. కెపాసిటర్ మార్చే విద్య కెపాసిటర్ ఉన్నంతవరకే. ముప్పై వాట్లలోపు తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇళ్లలోకి వచ్చేశాయి, వాటిలో ఆ కెపాసిటర్ స్థానంలో ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మెకానిక్ మళ్లీ ఎవరి దగ్గరైనా చూసి నేర్చుకోవాలి. మూలం తెలిసినవాడు అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టే అలవాటు ఉంటే.

మన పల్లెల్లో వేసవి రాగానే వినిపించే "మోటారు కాలిపోయింది" అన్న మాటనే తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎక్కువై, లైను చివరి పొలంలో 415 వోల్టులు రావలసిన చోట 330 వస్తోందనుకుందాం, అంటే సుమారు 80 శాతం. ఇండక్షన్ మోటారు టార్కు వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుందని రెండు మార్కుల ప్రశ్నకు జవాబు రాసినవారు ఇక్కడ 0.8ని 0.8తో గుణిస్తే, మొదలయ్యే బలం 64 శాతానికి పడిపోయిందని తెలుస్తుంది. స్టార్టర్ నొక్కితే మోటారు మూలుగుతూ లేవదు. లేచిందే అనుకోండి, నీళ్లు తోడే పని తగ్గదు కాబట్టి తగ్గిన వోల్టేజీకి బదులు కరెంటు దాదాపు 25 శాతం పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి వైండింగులో వేడి ఒకటిన్నర రెట్లు. రీవైండింగ్ షాపులో నల్లగా మాడిన రాగి తీగ చుట్టల గుట్టకు కారణం ఈ మూడు వాక్యాల్లో ఉంది. వీటిలో రెండో ఏడాది సిలబస్ దాటినది ఏదీ లేదు. డిస్కంలో ఏఈగా చేరినవారికి రైతు ఫిర్యాదు ఈ రూపంలోనే వస్తుంది తప్ప, "టార్క్-స్లిప్ క్యారెక్టరిస్టిక్స్ వివరింపుము" అన్న రూపంలో రాదు.

రెండో అభ్యంతరం కొంచెం గట్టిది: ముందు చెప్పిన అంకె తప్పయితే? నేర్చుకునే దశలో ఎక్కువసార్లు తప్పే అవుతుంది, నామోషీ తప్ప మిగిలేదేమిటి? దీనికి జవాబు మన దేశపు గ్రిడ్డే ఒకసారి ఇచ్చింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలపాటు ఇళ్లలో దీపాలు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చారు. కరెంటును నిల్వ పెట్టుకునే గాదె గ్రిడ్‌కు చెప్పుకోదగ్గంతగా లేదు. వాడకం ఒక్కసారిగా తగ్గితే ఉత్పత్తీ అంతే వేగంగా తగ్గాలి, లేకపోతే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దాటి ఎగబాకుతుంది. అప్పట్లో పోసోకో అనే పేరున్న జాతీయ గ్రిడ్ సంస్థ ఇంజనీర్లు ముందుగానే కూర్చుని, తగ్గేది 12 నుంచి 14 వేల మెగావాట్లు ఉంటుందని అంచనా కట్టారు. నిజంగా తగ్గింది సుమారు 31 వేల మెగావాట్లు. రెట్టింపు కన్నా ఎక్కువ తేడా. పరీక్షలో అయితే సున్నా మార్కులు. కానీ గ్రిడ్ కూలలేదు. ఆ సమయంలో ఫ్రీక్వెన్సీ 49.7కూ 50.26కూ మధ్యే తిరిగింది. ఎందుకంటే అంకె వేసుకున్నవారికి దాని చుట్టూ ఎంత జాగా ఉంచుకోవాలన్న ఆలోచన కూడా వస్తుంది. బొగ్గు కేంద్రాన్ని ఉన్నపళంగా తగ్గించలేం, జలవిద్యుత్‌ను మాత్రం నీటి దారి మూసి నిమిషాల్లో తగ్గించవచ్చు. అందుకని ముందే జలవిద్యుత్ ఉత్పత్తిని పైకి పెంచి ఉంచుకున్నారు, సమయం రాగానే అందులోంచి 17 వేల మెగావాట్లకు పైగా దించేశారు. అంచనా తప్పింది, అంచనా వేయడం వల్ల జరిగిన సన్నాహం నిలబడింది. ఏ అంకే లేకుండా తొమ్మిది గంటల కోసం ఎదురుచూసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి పవర్ సిస్టమ్స్ చదివి ఉండనక్కర్లేదు.

గణితం భయపెడుతుందనేవారూ ఉన్నారు. వారికి ఒక చిన్న చరిత్ర సరిపోతుంది. ఏసీ సర్క్యూట్లలోకి కాంప్లెక్స్ సంఖ్యలు వచ్చింది విద్యార్థుల్ని ఏడిపించడానికి కాదు. 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఆ పద్ధతిని ముందుపెట్టినప్పుడు, అంతవరకు సైన్ తరంగాలతో, అవకలన సమీకరణాలతో పేజీలకొద్దీ సాగే పని మామూలు బీజగణితంగా మారిపోయింది. 'జె' అనే అక్షరం లెక్కను తేలిక చేయడానికి వచ్చింది. ముందుగా అంకె వేయడానికి ఆ 'జె' కూడా చాలాసార్లు అక్కర్లేదు. పైన ట్రాన్స్‌ఫార్మర్ మీద చేసినదంతా ఆరో తరగతి శాతాలే.

మార్కుల సంగతి కొట్టిపారేయలేం. సెమిస్టర్ పరీక్షలో అంచనాకు మార్కులుండవు, డెరివేషన్‌కూ పటానికీ ఉంటాయి. మూడు సప్లీలు నెత్తిమీద ఉన్నవారికి ఈ సలహా విసుగు పుట్టించినా తప్పులేదు. కానీ దీనికి పట్టే కాలం ప్రయోగానికి పది నిమిషాలు. ప్రయోగం మొదలయ్యేలోపు మీటర్ల కోసం స్టోర్ ముందు నిలబడే సమయం అంతకన్నా ఎక్కువే. పైగా పరీక్షలన్నీ ఒక తీరు కావు. గేట్‌లో 65 ప్రశ్నలుంటే వాటిలో కొన్నిటికి ఆప్షన్లే ఉండవు, జవాబుగా అంకెను అభ్యర్థే నింపాలి. దశాంశాలతో వచ్చే జవాబైతే ఇంత నుంచి ఇంత వరకు ఏదైనా సరేనని పరిధి ఇచ్చి మరీ దిద్దుతారు. అక్కడ ఎంసెట్ నాటి కొట్టివేతలు పనిచేయవు. రావలసిన జవాబు పదుల్లో ఉండాలా వేలల్లో ఉండాలా అన్న అంచనా ఒక్కటే, తెరమీది క్యాలిక్యులేటర్‌లో ఒక సున్నా ఎక్కువ నొక్కిన సంగతి పట్టిస్తుంది.

ఇంకా తరచుగా వినిపించేది, మా ల్యాబులో సగం మెషీన్లు తిరగవు, రీడింగులు సీనియర్ల రికార్డులోంచి వచ్చినవే అని. చాలా కాలేజీల్లో ఇది నిజం, సిగ్గుపడవలసినది విద్యార్థులు మాత్రమే కాదు. అయితే ఎత్తిరాసిన అంకెల మీద కూడా ఈ పని చేయవచ్చు, నిజానికి ఇంకా సరదాగా ఉంటుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌నే చూడండి. సీనియర్ రికార్డులో ఓపెన్ సర్క్యూట్‌లో 115 వోల్టులు, 0.87 ఆంపియర్, 44 వాట్లు అని ఉందనుకుందాం. 115ను 0.87తో గుణిస్తే నూరు. 44ను నూరుతో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.44. ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు పవర్ ఫ్యాక్టర్ 0.2 దగ్గర ఉంటుందనే కదా ప్రత్యేకంగా ఎల్‌పీఎఫ్ వాట్‌మీటరు పెట్టింది! వెంటనే అనుమానం రావాలి: 150 వోల్టులు, 2 ఆంపియర్లు, 0.2 పవర్ ఫ్యాక్టర్ అంటే ఆ వాట్‌మీటరు మొత్తం స్కేలు 60 వాట్లు. దాని మీద 120 గీతలుంటే ఒక్కో గీత అర వాటు. 44 అన్నది గీతల సంఖ్య, వాట్లు 22. మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో గుణించడం ఎవరో ఎప్పుడో మరిచారు, ఆ మరుపు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు వారసత్వంగా దిగుతోంది. నూటికి 102 ఎఫిషియెన్సీ వచ్చిన స్విన్‌బర్న్ టెస్టు రికార్డులకు కూడా సంతకాలు పడిన దేశం మనది. మెషీన్ అసలే లేకపోతే ఎల్‌టీ‌స్పైస్, సైల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. వాటిలోనూ రన్ నొక్కేముందు అంకె రాసుకోవాలి, ఎందుకంటే మిల్లీకి బదులు మైక్రో అని కొట్టినా సాఫ్ట్‌వేర్ నిక్షేపంగా అందమైన గ్రాఫ్ గీసి ఇస్తుంది.

చివరిగా, అందరి మనసులో ఉండి కొందరే పైకి అనేది: "క్యాంపస్‌లో వచ్చేది సాఫ్ట్‌వేర్ కంపెనీ, ట్రాన్స్‌ఫార్మర్‌తో నాకేం పని?" నిజాయితీగా చెప్పాలంటే, కోడింగ్‌లోకి వెళ్లినవారికి ఆల్టర్నేటర్ రెగ్యులేషన్, ట్రాన్స్‌మిషన్ లైను ఏబీసీడీ పారామీటర్లు మళ్లీ ఎదురుపడవు. నాలుగేళ్ల సబ్జెక్టులో చాలా భాగం వారి వరకు ఖర్చైపోయినట్టే, దాన్ని "లాజికల్ థింకింగ్ పెరిగింది" అని కప్పిపుచ్చనక్కర్లేదు. ఈ ఒక్క అలవాటు మాత్రం ఖర్చైపోదు. ఈ క్వెరీకి ఎన్ని వరుసలు రావాలి, ఈ ప్రోగ్రాం ఎన్ని సెకన్లు తీసుకోవాలి, నెలాఖరుకు క్లౌడ్ బిల్లు ఎంత రావాలి అని ముందు చెప్పగలిగినవారు, వచ్చిన అంకె తప్పని మిగతావారికన్నా ముందు కనిపెడతారు. ఇది కంప్యూటర్స్ చదివినవారికీ అబ్బవచ్చు, మాకే సొంతమని అనుకోవడానికి లేదు. కాకపోతే ఎలక్ట్రికల్‌లో ఫ్యూజు గట్టిగా గుర్తుచేస్తుంది.

ఎలా మొదలుపెట్టాలన్నది పెద్ద సంగతేం కాదు. రికార్డు పుస్తకంలో కుడి పేజీకి గీతలుంటాయి, ఎడమది తెల్లగా ఉంటుంది. ఆ తెల్ల పేజీ మీద సర్క్యూట్ డయాగ్రం కింద మిగిలిన జాగాలో, కనెక్షన్లు ఇచ్చేముందు, పెన్సిల్‌తో మూడు అంకెలు: ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు, ఎంత పవరు. డీసీ షంట్ మోటారు అయితే స్టార్టర్ లేకుండా వేస్తే ఎంత కరెంటు లాగుతుందో కూడా. ఆర్మేచర్ రెసిస్టెన్స్ ఒక ఓమ్ దగ్గర ఉంటే 220 వోల్టులకు 220 ఆంపియర్లు, నేమ్ ప్లేటు మీద రాసింది పందొమ్మిదే. స్టార్టర్ హ్యాండిల్ నెమ్మదిగా తిప్పమని సార్ ఎందుకు అరుస్తారో తెలుస్తుంది. ప్రయోగం అయ్యాక మీటరు చూపినదాన్ని మీ అంకెతో భాగించి ఆ నిష్పత్తిని పక్కన రాయండి.

ఈ నిష్పత్తి దగ్గరే అసలు వినోదం ఉంది, ఎందుకంటే తప్పులకు ముఖాలుంటాయి. 1.73 వచ్చిందంటే స్టార్‌కూ డెల్టాకూ, లేదా లైనుకూ ఫేజుకూ మధ్య తికమక పడ్డారు. 1.41 అయితే పీక్ విలువనూ ఆర్ఎంఎస్‌నూ కలిపేశారు. సరిగ్గా 3 అయితే ఒక ఫేజు పవర్‌ను మూడింటిదనుకున్నారు. 6.28 అయితే హెర్ట్జ్‌ను రేడియన్లుగా మార్చడం మరిచారు. మన 230/115 ట్రాన్స్‌ఫార్మర్‌లో 2 వస్తే వైపు మారింది, లేదా ఇందాకటి వాట్‌మీటరు గీతలే మళ్లీ. 4 వస్తే ఇంపెడెన్స్‌ను ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చడమే మరిచారు. వెయ్యి అయితే కిలో. కొసైన్ విలువలు అర్థంపర్థం లేకుండా వస్తుంటే క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో చూడండి. ఒక సెమిస్టర్ ఇలా రాస్తే మీరు తరచుగా చేసే తప్పు ఏదో మీకే తెలిసిపోతుంది. ఒకరికి జీవితాంతం రూట్ మూడుతోనే పేచీ, మరొకరికి యూనిట్లతో. మధ్యమధ్య ఈ ముఖాల్లో దేనికీ పోలని నిష్పత్తి, ఏ 0.93నో 1.12నో వస్తుంది. ఐదు శాతమన్నది ఆరు శాతం కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్‌ను బట్టి అది మారుతుంది. అదీ కాకపోతే టెర్మినల్ బిగించి చూడాలి, వైరు మార్చి చూడాలి, మీటరు కింద చెక్కపెట్టె ఏటవాలుగా ఉందేమో చూడాలి. అప్పటికీ తేలకపోతే ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి. రెండో టేబుల్ మీది అమ్మీటరు కరెంటు లేకపోయినా సున్నాకు అర గీత పైనే ఆగుతుందని ఆయనకు చాలా ఏళ్లుగా తెలుసు, ఇంతవరకు ఎవరూ అడగలేదు.